గీత గీస్తే నూట ముప్పై రెండు కిలోమీటర్లు

మంచిర్యాల అక్షాంశం 18.87 డిగ్రీలు, ఆదిలాబాద్‌ది 19.67. తేడా 0.80. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు కాబట్టి ఆ తేడా 89 కిలోమీటర్లవుతుంది. రేఖాంశాలు 79.46, 78.53. వాటి తేడా 0.93. అయితే తూర్పు పడమరలుగా డిగ్రీ అన్నిచోట్లా ఒకేలా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లున్నది ధ్రువాల వైపు పోయినకొద్దీ కుంచించుకుపోతుంది. మన బొగ్గు బెల్టు ఉన్న 19 డిగ్రీల దగ్గర అది 105 కిలోమీటర్లే. ఆ లెక్కన 98 కిలోమీటర్లు. రెండింటి వర్గాలు కలిపి మూలం తీస్తే 132 వస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఈ రెండు పట్నాల మధ్య ఆకాశమార్గంలో దూరం అంతే. పటం మీద స్కేలు పెట్టినా, ఫోన్లో వేలితో గీత లాగినా ఒకటి రెండు కిలోమీటర్ల తేడాతో అదే అంకె వస్తుంది. కాసిపేట నుంచి మంచిర్యాల పాతిక కిలోమీటర్లు. కాబట్టి మా మండలం వాళ్లకు కూడా ఇది సొంత లెక్కే. 2016 అక్టోబర్ 11న జిల్లాను నాలుగు ముక్కలు చేసేదాకా కలెక్టరేట్‌లో ఏ పని పడినా మేం పోవాల్సిన ఊరు ఆదిలాబాదే. 16 వేల చదరపు కిలోమీటర్ల జిల్లాకు ఒక చివరన జిల్లా కేంద్రం, ఇంకో చివరన బొగ్గుబాయిలు. నడుమ సహ్యాద్రి గుట్టలు, కవ్వాల్ అడవి, లెక్కకు మించిన వాగులు.

నేను గని సర్వే విభాగంలో పనిచేసినవాణ్ని. చైన్‌మన్‌గా మొదలుపెట్టి చాలాకాలం కాసిపేట ఇంక్లైన్లలో తిరిగాను. మా పనంతా సరళరేఖల మీదే నడుస్తుంది. గల్లీ పైకప్పుకు కొట్టిన స్టేషన్ పెగ్ నుంచి దారం కట్టి గుండు వేలాడదీస్తాం. దాని వెనక ఒకడు క్యాప్ ల్యాంప్ వెలుతురు పట్టుకుని నిలబడతాడు. థియోడలైట్‌లోంచి చూస్తే వెలుగులో నల్లటి సన్నగీతలా ఆ దారం కనబడుతుంది. గాలికి గుండు ఊగుతుంటే అది నిలిచేదాకా ఊపిరి బిగబట్టి చూడాలి. అక్కడి నుంచి ముందు పెగ్‌కు కోణం, దూరం. అలా ఒక్కో పెగ్ పట్టుకుని భూమి లోపల ఎక్కడున్నామో కాగితం మీదికి ఎక్కిస్తాం. రెండు వైపుల నుంచి ఒకరికొకరు ఎదురుగా తవ్వుకొస్తున్న గల్లీలు కలిసే రోజు మా పనికి పరీక్ష. కలిశాక రెండు వైపుల వాళ్లూ చేతులు కలుపుకుంటుంటే మేం నడిగీత సరిపోయిందా అని చూసుకుంటాం.

గనిలో సరళరేఖ అంటే ప్రాణం. నీళ్లు నిలిచిన పాత పనికి 60 మీటర్ల లోపుకు కొత్త పని పోతే ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలనీ, ముందుకు బోరు వేసి చూసుకుంటూ కదలాలనీ బొగ్గు గనుల నిబంధనలు చెబుతాయి. ఆ 60 మీటర్లు గల్లీల వెంట నడిచే దూరం కాదు, బొగ్గులోంచి నేరుగా కొలిచే దూరం. నడిచి పోతే అరగంట పట్టే పాత పని గోడకు అవతలే ఉండవచ్చు. మనిషికి దారి కావాలి గాని నీటికి అక్కర్లేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 17 మంది చనిపోయారు. 1975 డిసెంబర్‌లో చాస్‌నాలాలో 375 మంది. సర్వే పనిలో ఉన్న ఎవరైనా ఈ రెండు పేర్లు మరిచిపోరు. అందుకే నా మనసులో దూరమంటే గీత దూరమే. మిగిలినవన్నీ వంకరటింకర దారులు. కొలవడం చేతకాని వాళ్ల మాటలు అవి అన్నంత నమ్మకం నాది.

ఆ నమ్మకానికి ఇంకో వైపు ఉందని నాకు చెప్పింది మా అమ్మ.

మా చెల్లె బిడ్డకు ఆదిలాబాద్ నుంచి సంబంధం వచ్చింది. పిల్లగాడు మంచివాడు, ఉద్యోగం ఉంది, కట్నం మాట ఎత్తలేదు. అందరం ఒప్పుకునే దశలో ఉన్నాం. అమ్మ అప్పటిదాకా నోరు విప్పలేదు. వాకిట్లో మంచం మీద కూర్చుని చివరికి అడిగింది.

"ఎంత దూరముంటదిరా ఆ ఊరు?"

"గీత గీస్తే నూట ముప్పై రెండు కిలోమీటర్లే అమ్మా. బస్సుల పోతే నూట యాభై దాటుతది."

"గవన్ని నాకెందుకు కొడుకా. నడిజాము రాత్రి పిల్ల ఫోన్ చేస్తే తెల్లారేసరికి దాని ముంగట ఉంటమా, ఉండమా? గది చెప్పు."

ఎండాకాలమైతే ఉంటామన్నాను.

"మరి వానకాలంల?"

నా దగ్గర లెక్క ఉంది గాని దానికి జవాబు లేదు. అమ్మకు అక్షరం ముక్క రాదు. కానీ ఆమె అడిగిన ప్రశ్నలో నేను కొలవని అంకెలు మూడున్నాయి. ఏ కాలంలో, ఏ వేళకు, ఎవరికి. పటంలో ఆ మూడింటికీ చోటు లేదు.

ఆ తర్వాత నేను దారులన్నీ మళ్లీ చూశాను, ఈసారి అమ్మ కళ్లతో. మంచిర్యాల నుంచి లక్షెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు మీదుగా ఆదిలాబాద్‌కు ఒక దారి. ఇది దగ్గరిది. కవ్వాల్ పులుల అభయారణ్యం గుండా పోతుంది కాబట్టి రాత్రిపూట అటవీ శాఖ భారీ వాహనాలను ఆపుతుంది. ఆసిఫాబాద్ నుంచి కెరమెరి ఘాట్ ఎక్కి జైనూరు, ఉట్నూరు మీదుగా రెండో దారి. మలుపులు మలుపులుగా గుట్టెక్కే రోడ్డు. ఖానాపూర్, నిర్మల్ పోయి 44వ నంబర్ జాతీయ రహదారి పట్టుకునేది మూడోది. ఇది చుట్టు దారి, 200 కిలోమీటర్లు దాటుతుంది. కానీ వానల్లో భరోసా దీని మీదే.

రైలు సంగతి చెబితే బయటి వాళ్లు నమ్మరు. మంచిర్యాల కాజీపేట–బల్లార్షా లైను మీద ఉంది, 1929లో పూర్తయిన లైను. ఢిల్లీ, చెన్నై రైళ్లన్నీ మా ముందు నుంచే పోతాయి. ఆదిలాబాద్‌కూ రైలుంది, ముద్‌ఖేడ్ నుంచి. ఈ రెండు లైన్లనూ నేరుగా కలిపేది లేదు. 2017లో పెద్దపల్లి–నిజామాబాద్ లైను పూర్తయ్యాక కూడా మంచిర్యాల నుంచి పెద్దపల్లి, కరీంనగర్, నిజామాబాద్ పోయి, మహారాష్ట్రలోకి దాటి ముద్‌ఖేడ్‌లో మళ్లి ఆదిలాబాద్ చేరాలి. నాలుగు వందల కిలోమీటర్ల పైమాటే. నూట ముప్పై రెండు కిలోమీటర్ల గీత పట్టాల మీద పడితే మూడింతలు దాటి సాగుతుంది. బొగ్గుకు మాత్రం గని ముంగిటి దాకా సైడింగులున్నాయి. మనం ఏది ముఖ్యమనుకున్నామో దానికి నేరుగా దారి వేశామన్న మాట నాకు బాధగానే తోస్తుంది, చెప్పక తప్పదు.

పెళ్లయింది. అమ్మ అడ్డు చెప్పలేదు. కానీ పెళ్లికొడుకు వాళ్లతో ఒక మాట తీసుకుంది. పిల్లకు నెలలు నిండేది వానకాలంలో పడితే ముందే పుట్టింటికి పంపాలని. మొదటి కాన్పుకు ఎలాగూ పుట్టింటికే వస్తుంది కదా అన్నారు వాళ్లు. రెండో కాన్పుకు కూడా అంది అమ్మ.

ఒక శ్రావణంలో ఆ ఫోన్ రానే వచ్చింది, కాన్పుకు కాదు. అల్లుడికి గుండెల్లో నొప్పి, ఆసుపత్రికి తీసుకుపోతున్నారు, పిల్ల ఒక్కతే ఉంది. నేనూ చెల్లె మొగుడూ రాత్రికి రాత్రి కారు మాట్లాడుకుని బయలుదేరాం. జన్నారం దాటాక లోలెవెల్ వంతెన మీద నీళ్లు. అటువైపు లారీ దీపాలు కనబడుతున్నాయి, మనుషుల మాటలు కూడా వినబడుతున్నాయి. వాగు వెడల్పు మా గనిలో రెండు పెగ్‌ల మధ్య దూరమంత కూడా ఉండదు. ఒడ్డున నిలబడ్డ పోలీసాయన, "పోవద్దు సార్, పొద్దున ఒక బండి కొట్టుకపోయింది" అన్నాడు. వెనక్కి తిరిగి ఖానాపూర్, నిర్మల్ పట్టుకున్నాం. చేరేసరికి మధ్యాహ్నమైంది. అల్లుడు గట్టెక్కాడు. మా పిల్ల ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో ఒక్కతే కూర్చుంది. ఆమె ముఖం చూశాక, వాకిట్లో అమ్మ అడిగిన ప్రశ్న నిజంగా ఎంత పెద్దదో నాకు అర్థమైంది.

ఆకాశంలో గీసిన గీతే మనుషులకు నిజమైన దారి అయిన చోట్లు ప్రపంచంలో లేకపోలేదు. కెనడా ఉత్తరాన నునావుట్ అనే ప్రాంతంలో ఇన్యూట్ జనం ఉండే ఊళ్లు 25. ఏ ఊరి నుంచీ ఇంకో ఊరికి రోడ్డు లేదు. సముద్రం ఏడాదిలో ఎక్కువ కాలం గడ్డకట్టి ఉంటుంది, ఓడ వేసవిలోనే వస్తుంది. మిగిలింది విమానం. అన్నిటికంటే ఉత్తరాన ఉన్న ఊరు గ్రీస్ ఫియోర్డ్, 76 డిగ్రీల అక్షాంశం దాటాక. నూట యాభై మందికి అటూఇటూ. దాని పొరుగూరు రిజొల్యూట్. రెండింటి మధ్య రేఖాంశాల తేడా దాదాపు 12 డిగ్రీలు. మన దగ్గరైతే అది 1,250 కిలోమీటర్లు దాటేది. అక్కడ డిగ్రీ 27, 28 కిలోమీటర్లకు కుదించుకుపోయింది కాబట్టి తూర్పు పడమరలుగా 330 మాత్రమే. ఉత్తర దక్షిణాల తేడా కూడా కలిపితే 380 కిలోమీటర్ల దాకా వస్తుంది. గుట్టల కింద చిన్న కంకర రన్‌వే, దాని మీద దిగగలిగిన ట్విన్ ఓటర్ విమానం. గాలి, మంచు అనుకూలించకపోతే అదీ రాదు. అలాంటప్పుడు పొరుగూరు 380 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టా, మూడు రోజుల దూరంలో ఉన్నట్టా? ఆ జనం కుక్కబళ్ల కాలంలో ప్రయాణాన్ని దారిలో ఎన్ని రాత్రులు పడుకోవాలో చెప్పుకుని కొలిచేవాళ్లట. చదివినప్పుడు మా తాతల కాలం గుర్తొచ్చింది. పొద్దు పొడవంగ బయలెల్లితే అంబటాళ్లకు ఫలానా ఊరు అనేవాళ్లు.

గ్రీస్ ఫియోర్డ్ అక్కడ ఎలా వెలిసిందో తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1953లోను, మళ్లీ 1955లోను కెనడా ప్రభుత్వం ఉత్తర క్యూబెక్‌లోని ఇనుక్జువాక్ నుంచి ఇన్యూట్ కుటుంబాలను దాదాపు రెండు వేల కిలోమీటర్లు ఉత్తరానికి తరలించింది. అలవాటైన నేల, వేట, బంధువులు అన్నీ వెనకపడ్డాయి. నెలల తరబడి సూర్యుడు కనబడని చోటు. 2010లో ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. ఆఫీసులో పటం పరిచి గీసిన గీత మనుషుల మీద ఎంత బరువుగా పడుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మాకూ ఒకప్పుడు ఆకాశమార్గం ఉండేది. రామగుండం దగ్గర బసంత్‌నగర్‌లో సిమెంట్ ఫ్యాక్టరీ వాళ్ల రన్‌వే. 1980ల్లో వాయుదూత్ చిన్న విమానాలు హైదరాబాద్ నుంచి అక్కడికి వచ్చేవి. వాయుదూత్ పుట్టింది 1981లో, పెద్ద విమానాలు పోని ఊళ్ల కోసమే. అది నడిపిన డోర్నియర్‌లో 19 సీట్లు. ట్విన్ ఓటర్‌లోనూ అంతే. బేగంపేట నుంచి బసంత్‌నగర్ గీత దూరం 170 కిలోమీటర్ల లోపు, అంటే అరగంట. 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. రన్‌వే మిగిలింది, విమానం మిగల్లేదు. ఆ విమానం ఎక్కినవాళ్లు ఇంజనీర్లు, అధికారులు. బాయి పని చేసేవాడు తలెత్తి చూసినవాడే. అయినా అది పోయినందుకు నాకు విచారమే. చిన్న ఊరికి విమానం రావడం తప్పేమీ కాదని ఆ పదేళ్లు రుజువు చేశాయి.

ఇక గీత దూరం చట్టంలోకి ఎక్కిన కథ కూడా మన దగ్గరే ఉంది. శంషాబాద్ విమానాశ్రయానికి 2004 డిసెంబర్‌లో కుదిరిన ఒప్పందంలో ఒక షరతు ఉంది. విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి 25 ఏళ్ల దాకా ఆకాశమార్గంలో 150 కిలోమీటర్ల లోపు ఇంకో కొత్త విమానాశ్రయం రాకూడదు. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచారు. నిజాం కాలంలో 1930లో కట్టిన వరంగల్ మామునూరు విమానాశ్రయం ఆ గీత లెక్కన దాదాపు 145 కిలోమీటర్లు. ఐదారు కిలోమీటర్ల తేడాతో వలయం లోపల పడింది. ఆ చిక్కుముడి విప్పుకుని కేంద్రం ఆమోదం తెచ్చుకునేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. బసంత్‌నగర్ 190 కిలోమీటర్ల దగ్గర ఉంది, షరతు దాన్ని తాకదు. అయినా అక్కడ విమానం లేదు. సర్వేలు జరిగాయి, తర్వాత చూపు అంతర్గాం వైపు మళ్లింది. ఆదిలాబాద్‌లో వాయుసేన స్థలంలో పౌర విమానాలు కూడా దిగేందుకు 2025లో రక్షణ శాఖ ఒప్పుకుంది. రావాలి, వస్తే సంతోషం. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదటి విమానాలు ఎగిరినప్పుడు కడప–హైదరాబాద్, నాందేడ్–హైదరాబాద్ అందులో ఉన్నాయి. నాందేడ్‌కు వచ్చిన విమానం ఆదిలాబాద్‌కు ఎందుకు రాకూడదు?

కానీ నాకొకటి స్పష్టంగా కనబడుతోంది. వచ్చే విమానాలన్నీ హైదరాబాద్‌కే పోతాయి. ఉత్తరాన ఉన్న రెండు పట్నాల మధ్య ఎవరూ విమానం వేయరు, వేయమని అడగడం కూడా న్యాయం కాదు. నూట ముప్పై రెండు కిలోమీటర్లకు మనకు కావాల్సింది వాగుల మీద ఎత్తు వంతెనలు, రాత్రి బస్సు, గుట్టల్లో పనిచేసే ఫోన్ సిగ్నల్. విమానాశ్రయం గురించి సభలు జరిగినప్పుడు ఇవి ఎవరూ మాట్లాడరు. ఒక వంతెన ప్రారంభమైన వార్త లోపలి పేజీలో రెండు లైన్లకు మించి రాదు. ఆ రెండు లైన్లు ఎంత మంది పిల్లల్ని ఆసుపత్రి వరండాలో ఒంటరిగా కూర్చోకుండా కాపాడతాయో నేను కళ్లారా చూశాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను.

నునావుట్‌లో నెలలు నిండే గర్భిణులు 36వ వారం నాటికే విమానమెక్కి పెద్ద పట్నానికి పోతారు. కాన్పు అయ్యేదాకా అక్కడే, ఇంటికి దూరంగా, కొన్ని వారాలు. వాళ్లకది ఇష్టమైన పనేమీ కాదు. మన ఏజెన్సీలోనూ వానలు ముదరకముందే గర్భిణులను గూడేల నుంచి ఆసుపత్రి ఉన్న ఊరికి తెచ్చి ఉంచే పద్ధతి ఉంది. ఈ పని చేసే ఆశా కార్యకర్త ఒకామె నాకు తన నోటుబుక్కు చూపించింది. ఒక్కో గర్భిణికి ఒక్కో వరుస. పేరు, ఎన్నో కాన్పు, రక్తం ఎంత, కాన్పు తేదీ అంచనా. ఆఖరి గడిలో ఆ గూడేనికీ రోడ్డుకీ మధ్య ఉన్న వాగు పేరు, అది మామూలుగా ఏ కార్తెలో పొంగుతుందో. కిలోమీటర్ల గడి ఆ పుస్తకంలో లేదు. ఆర్ద్రలోనే పొంగే వాగు అవతల ఉన్నవాళ్లను ముందు, పుష్యమి దాకా ఆగేదాని అవతల ఉన్నవాళ్లను తర్వాత తీసుకొస్తానని చెప్పింది. నేను ఆ గడిలోని వాగులన్నీ రాసుకొచ్చి, వంతెన ఉన్నవీ లేనివీ వేరు చేసి, మండల పటం మీద గుర్తులు పెడుతున్నాను. పూర్తి కాగానే మంచిర్యాల కలెక్టరేట్‌లో ఇచ్చి వస్తాను. పాతిక కిలోమీటర్లే కదా, ఏ కాలంలోనైనా పోవచ్చు.